ఫైల్ తీసేసినా డిస్క్ ఖాళీ కాలేదా? వాడుకలో ఉన్న ఫైళ్లను డిలీట్ చేసే సరైన పద్ధతి

"డిస్క్ నిండిందని 40 జీబీ లాగ్ ఫైల్ తీసేశాను. ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే ఫైల్ కనబడట్లేదు. డిస్క్ మాత్రం ఇంకా 100 శాతమే. ఏం చేయాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. విండోస్ వాళ్లది ఇంకో రకం: "ఫైల్ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందంటోంది, తీయనివ్వట్లేదు." రెండింటికీ దారి కింద ఉంది. లినక్స్ భాగం పెద్దది, ఎందుకంటే అక్కడ ఫైల్ తీయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. తిప్పలన్నీ తీశాకే మొదలవుతాయి.

కమాండ్లను ఇక్కడ తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను.

## 1. ముందు తెలియాల్సినది

లినక్స్‌లో ఫైల్ వేరు, దాని పేరు వేరు. డైరెక్టరీలో ఉండేది పేరు, దాని పక్కన ఒక ఐనోడ్ నంబరు. డేటా డిస్క్ మీద ఎక్కడుందో ఆ ఐనోడ్‌లో రాసి ఉంటుంది. ఆర్ఎం కమాండ్ చేసేది పేరు కొట్టేయడం, ఐనోడ్‌లోని లింకుల లెక్క ఒకటి తగ్గించడం. అంతే.

లెక్క సున్నాకి వచ్చినా, ఏదో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ను తెరిచి ఉంచినంత కాలం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) డేటాను ముట్టుకోదు. గుమ్మం మీది నేమ్‌ప్లేట్ పీకేస్తే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినట్టు కాదు కదా. చివరి ప్రాసెస్ కూడా ఫైల్‌ను మూసిన క్షణంలోనే చోటు తిరిగి వస్తుంది.

ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. చాలా ప్రోగ్రాములు తాత్కాలిక ఫైల్‌ను తెరిచిన వెంటనే దాని పేరు తీసేస్తాయి. మధ్యలో ప్రోగ్రామ్ చచ్చిపోయినా చెత్త మిగలదని. కాబట్టి "డిలీటెడ్" అని కనిపించిన ప్రతి ఫైలూ సమస్య కాదు.

## 2. చేయి పెట్టే ముందు

- రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) లేదా సుడో (ఆ హక్కులతో కమాండ్ నడిపేది) వాడే హక్కు ఉండాలి. మామూలు యూజర్‌కి ఇతరుల ప్రాసెస్‌లు తెరిచిన ఫైళ్లు కనిపించవు.
- ఎల్ఎస్ఓఎఫ్ (ఏ ప్రాసెస్ ఏ ఫైల్ తెరిచిందో చూపే కమాండ్) ఉందో లేదో చూసుకోండి. డిస్క్ నిండిపోయాక ఇన్‌స్టాల్ చేయబోతే అదీ కుదరకపోవచ్చు. లేకపోతే 4వ దశలో ఇంకో మార్గం చెప్పాను.
- ఖాళీ ఉన్న వేరే పార్టిషన్ ఒకటి చూసి పెట్టుకోండి. ఫైల్‌ను కాపాడాల్సి వస్తే కాపీ అక్కడికే వెళ్లాలి.
- తీసేసిన ఫైల్‌లోని డేటా మళ్లీ కావాలా, అక్కర్లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. కావాలంటే 4వ దశలో నంబర్లు రాసుకుని, అక్కడి నుంచి నేరుగా 7వ దశకు వెళ్లండి.
- సర్వర్‌ను రీస్టార్ట్ చేయకండి. చోటు వస్తుంది, నిజమే. కానీ ఫైల్‌ను వెనక్కి తెచ్చుకునే ఒకే ఒక్క అవకాశం కూడా దాంతోనే పోతుంది.

టెన్షన్‌లో ఎక్కువమంది చేసే పని ఇంకో నాలుగు లాగ్ ఫైళ్లు తీసేయడం. వాటినీ అదే ప్రాసెస్ తెరిచి ఉంచితే ఒక్క బైటు కూడా రాదు, పైగా ఏం జరిగిందో చెప్పే ఆధారాలు పోతాయి. ఆర్ఎం మీంచి చేయి తీసేయండి.

## 3. సమస్య నిజంగా ఇదేనా?

రెండు అంకెలు పోల్చాలి.

1. డీఎఫ్ -హెచ్ / : ఫైల్ సిస్టమ్‌నే అడిగి, ఎంత వాడుకలో ఉందో చెబుతుంది.
2. సుడో డీయూ -ఎక్స్ఎస్‌హెచ్ / : కనిపించే పేర్లన్నీ తిరిగి కూడుతుంది. -ఎక్స్ పెడితే వేరే పార్టిషన్లలోకి వెళ్లదు.

డీఎఫ్ 98 జీబీ అంటే డీయూ 57 జీబీ అంటోందా? పేరు లేని డేటా ఎక్కడో 41 జీబీ ఉందన్నమాట. పేరుపోయి ప్రాణంతో ఉన్న ఫైళ్లు డీయూకి కనిపించవు.

కానీ ఈ తేడాకి వేరే కారణాలూ ఉంటాయి. గంటసేపు వెతికాక కాకుండా ముందే వీటిని చూసుకోండి.

- మౌంట్ కింద దాగిన ఫైళ్లు. /డేటా అనే ఫోల్డర్‌లో ఫైళ్లు ఉండగా దాని మీద ఇంకో డిస్క్ మౌంట్ చేస్తే (తగిలిస్తే) పాతవి కనిపించవు, చోటు మాత్రం తింటాయి. మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ అని కొట్టి, /ఎంఎన్‌టీ/డేటాలో చూడండి.
- స్నాప్‌షాట్లు. బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో స్నాప్‌షాట్ (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో దాచిన నకలు) పట్టుకున్న డేటా ఫైల్ తీసినా పోదు. మ్యాక్‌లో టైమ్ మెషిన్ లోకల్ స్నాప్‌షాట్లదీ ఇదే కథ.
- ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో రూట్ కోసం మామూలుగా 5 శాతం పక్కన పెడతారు. దీనివల్ల వాడిన లెక్క పెరగదు, మిగిలిన లెక్క తగ్గి కనిపిస్తుంది.
- ఐనోడ్లు అయిపోవడం. చోటు ఉన్నా "డివైస్‌లో చోటు లేదు" అనే వస్తుంది. డీఎఫ్ -ఐ కొడితే తెలుస్తుంది. లక్షల్లో చిన్న ఫైళ్లు పేరుకున్న చోట ఇది మామూలే.

## 4. ఎవరు పట్టుకున్నారో కనిపెట్టడం

సుడో ఎల్ఎస్ఓఎఫ్ -ఎన్‌పీ +ఎల్1

ఇందులో పీ, ఎల్ పెద్దక్షరాలు. +ఎల్1 అంటే లింకుల లెక్క 1 కంటే తక్కువ ఉన్న ఫైళ్లు, అంటే పేరు లేనివి. -ఎన్‌పీ పెడితే నెట్‌వర్క్ పేర్లు వెతుక్కుంటూ కూర్చోదు, జాబితా త్వరగా వస్తుంది. ఒక వరుస ఇలా ఉంటుంది:

జావా 4127 యాప్‌యూజర్ 7డబ్ల్యూ ఆర్ఈజీ 253,0 42949672960 0 1835211 /వర్/లాగ్/యాప్/యాప్.లాగ్ (డిలీటెడ్)

ఎడమ నుంచి చదవండి. 4127 ప్రాసెస్ నంబరు. 7డబ్ల్యూలో 7 అనేది ఆ ప్రాసెస్ ఫైల్‌కు పెట్టుకున్న డిస్క్రిప్టర్ నంబరు, డబ్ల్యూ అంటే రాయడానికి తెరిచిందని. ఆర్ అయితే చదవడానికి, యూ అయితే రెండింటికీ. 42949672960 బైట్లలో సైజు, అంటే సరిగ్గా 40 జీబీ. దాని తర్వాతి 0 లింకుల లెక్క. 1835211 ఐనోడ్ నంబరు. 4127, 7 ఈ రెండూ కాగితం మీద రాసుకోండి, ముందు ముందు పని ఉంది.

ఒక మెలిక ఉంది. పేరెంట్ ప్రాసెస్ తెరిచిన ఫైల్ దాని పిల్ల ప్రాసెస్‌లకూ అందుతుంది. అప్పుడు ఒకే ఫైల్ ఐదారు వరుసల్లో కనిపిస్తుంది. సైజులన్నీ కూడి "200 జీబీ పోయింది" అనుకోకండి. ఐనోడ్ నంబరు ఒకటే అయితే ఫైలూ ఒకటే. ఒక ప్రాసెస్‌ను చంపితే చోటు రాకపోవడానికి కూడా కారణం ఇదే, మిగతావి ఇంకా పట్టుకుని ఉంటాయి.

ఎల్ఎస్ఓఎఫ్ లేకపోతే:

సుడో ఫైండ్ /ప్రాక్ -ఎల్‌నేమ్ '*(డిలీటెడ్)'

నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కీ /ప్రాక్ కింద దాని నంబరుతో ఒక ఫోల్డర్, అందులో ఎఫ్‌డీ అనే ఫోల్డర్ ఉంటాయి. తెరిచిన ఫైళ్లన్నీ అక్కడ లింకులుగా కనిపిస్తాయి. వెతుకుతుండగానే కొన్ని ప్రాసెస్‌లు ముగిసిపోతాయి కాబట్టి మధ్యలో కొన్ని ఎర్రర్లు వస్తాయి, పట్టించుకోకండి.

రెండు పద్ధతుల్లోనూ ఏమీ దొరక్కపోతే ఫైల్‌ను పట్టుకున్నది ప్రాసెస్ కాదు, కెర్నలే. తీసేసిన డిస్క్ ఇమేజ్ ఫైల్ లూప్ డివైస్‌గా ఇంకా తగిలించి ఉందేమో లోసెటప్ -ఏ తో చూడండి. 

## 5. ఏ రకం ఫైలో చూసి నిర్ణయించండి

అన్నింటికీ ఒకే మందు పనికిరాదు.

- లాగ్ ఫైల్: 6వ దశ ధైర్యంగా చేయొచ్చు.
- /మెమ్ఎఫ్‌డీ:, /డెవ్/ఎస్‌హెచ్‌ఎం, /సిస్‌వీ తో మొదలయ్యేవి: ఇవి మెమరీలో ఉంటాయి, డిస్క్‌తో సంబంధం లేదు. వదిలేయండి.
- /టీఎంపీలో ఐబీ అని మొదలయ్యేవి, పట్టుకున్నది మైఎస్‌క్యూఎల్: అది కావాలని పేరు తీసేసి వాడుకుంటున్న తాత్కాలిక ఫైళ్లు. ముట్టుకోవద్దు.
- డేటాబేస్ డేటా ఫైల్: ఖాళీ చేశారో, డేటా మొత్తం పోయినట్టే. సర్వీస్‌ను ఆపకుండా 7వ దశకు వెళ్లండి.
- .ఎస్ఓ లైబ్రరీలు, ప్రోగ్రామ్ ఫైళ్లు: ప్యాకేజీ అప్‌డేట్ తర్వాత మిగిలిన పాత వెర్షన్లు. 11వ దశ చూడండి.

## 6. చోటు వెనక్కి తెచ్చుకోవడం

మూడు మార్గాలున్నాయి. ఈ వరుసలోనే ప్రయత్నించండి.

మొదటిది, ఫైల్‌ను మూసి మళ్లీ తెరవమని ప్రోగ్రామ్‌కే చెప్పడం. ఎన్జింక్స్ అయితే "ఎన్జింక్స్ -ఎస్ రీఓపెన్". ఆర్‌సిస్‌లాగ్ అయితే హెచ్‌యూపీ సిగ్నల్. అపాచీ అయితే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్. కనెక్షన్లు తెగవు, పాత ఫైల్ వదిలేస్తుంది, చోటు వచ్చేస్తుంది. ఇంత తేలికైన దారి ఉన్నా జనం నేరుగా కిల్ -9 (ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కమాండ్) కి వెళ్లిపోతారు, ఎందుకో తెలియదు.

రెండోది, సర్వీస్ రీస్టార్ట్. సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్, ఆ తర్వాత సర్వీస్ పేరు. కొద్దిసేపు ఆగినా ఫర్వాలేదు అనుకుంటే ఇది శుభ్రమైన పద్ధతి.

మూడోది, ప్రోగ్రామ్‌ను ఆపకుండానే ఫైల్‌ను సున్నా చేయడం. పగటిపూట ప్రొడక్షన్‌లో చాలాసార్లు ఆదుకునేది ఇదే.

సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ప్రాక్/4127/ఎఫ్‌డీ/7

ఫైల్‌కు పేరు లేకపోయినా /ప్రాక్ ద్వారా అసలు ఐనోడ్‌కే చేరతాం. కొట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- ప్రాసెస్ నంబరు, డిస్క్రిప్టర్ నంబరు రెండూ సరైనవేనా? ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/4127/ఎఫ్‌డీ/7 కొడితే ఏ ఫైలో చూపిస్తుంది. 7 బదులు 8 అని పడితే అది డేటాబేస్ ఫైల్ కూడా కావచ్చు.
- ఒకే ఐనోడ్‌ను చాలా ప్రాసెస్‌లు పట్టుకుంటే ఒక్క చోట చేస్తే చాలు.
- "సుడో ఎకో > ఫైల్" పద్ధతి వాడకండి. ఆ > గుర్తును నడిపేది మీ షెల్, సుడో కాదు. పర్మిషన్ లేదని వస్తుంది.

తర్వాత డీఎఫ్ -హెచ్ మళ్లీ చూడండి. పెద్ద ఫైల్ అయితే కొన్ని క్షణాలు పట్టొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు తెలుసుకోవాలి. ప్రోగ్రామ్ ఫైల్‌ను "చివర్లో చేర్చు" పద్ధతిలో తెరవకపోతే, తను ఎక్కడిదాకా రాసిందో ఆ స్థానం దానికి గుర్తుంటుంది. మీరు సున్నా చేశాక కూడా తర్వాతి లైన్‌ను 40 జీబీ దగ్గరే రాస్తుంది. ముందు భాగమంతా ఖాళీ రంధ్రం. సైజు 40 జీబీ అని చూపించినా డిస్క్ మీద తినేది కొన్ని కేబీలే. భయపడక్కర్లేదు. కానీ పేరున్న ఫైల్‌కు ఇలా జరిగితే కొన్ని బ్యాకప్ టూల్స్ ఆ రంధ్రాన్ని నిజమైన సున్నాలుగా కాపీ చేసి అవతలి డిస్క్‌ను నింపేస్తాయి.

"నోహప్ జావా ... > యాప్.లాగ్" అని నడిపే వాళ్లందరికీ ఇది వస్తుంది. ఒక్క > బదులు రెండు >> పెట్టండి, ఈ తలనొప్పి పోతుంది.

## 7. పొరపాటున తీసేసిన ఫైల్‌ను కాపాడుకోవడం

ప్రాసెస్ బతికున్నంత వరకు ఫైల్ కూడా బతికే ఉంటుంది. క్రమం తప్పకుండా చేయండి:

1. ప్రాసెస్‌ను చంపొద్దు. సర్వీస్ తనంతట తాను రీస్టార్ట్ అయ్యేలా ఏదైనా షెడ్యూల్ ఉంటే ఆపండి.
2. ఫైల్‌లోకి ఇంకా రాత జరుగుతుంటే కిల్ -స్టాప్ 4127 తో ప్రాసెస్‌ను నిలిపేయండి. ఇది చంపదు, ఉన్నచోట ఆపుతుంది. స్టాప్ అన్నది పెద్దక్షరాల్లో.
3. సుడో సీపీ /ప్రాక్/4127/ఎఫ్‌డీ/7 /బ్యాకప్/యాప్.లాగ్. గమ్యం వేరే పార్టిషన్ కావాలి.
4. కాపీ సైజును ఎల్ఎస్ఓఎఫ్‌లో కనిపించే సైజుతో పోల్చండి.
5. ఓనర్, పర్మిషన్లు పాత ఫైల్‌కు ఉన్నట్టే పెట్టండి. కాపీ చేసింది రూట్ కాబట్టి అవి మారిపోయి ఉంటాయి.
6. కిల్ -కాంట్ 4127 (కాంట్ కూడా పెద్దక్షరాల్లో) తో ప్రాసెస్‌ను కదిలించి, ఫైల్‌ను అసలు చోట పెట్టి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకపోతే ప్రోగ్రామ్ పేరు లేని పాత ఫైల్‌లోకే రాస్తూ ఉంటుంది.

కాపీకి బదులు ఎల్ఎన్‌తో లింక్ కట్టి పాత పేరు తిరిగి ఇవ్వొచ్చు కదా అని అడుగుతుంటారు. లింకుల లెక్క సున్నాకి చేరాక కెర్నల్ దానికి ఒప్పుకోదు. కాపీయే మార్గం.

మైఎస్‌క్యూఎల్ టేబుల్ ఫైల్ పోతే ఇలా కాపీ చేయడం మంచి పని కాదు. కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. సర్వర్ నడుస్తుండగానే మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో డంప్ తీసుకోండి. ఫైల్ తెరిచి ఉంది కాబట్టి టేబుల్ చదవడానికి వస్తుంది.

## 8. మళ్లీ రాకుండా చూసుకోవడం

నడుస్తున్న లాగ్‌ను ఖాళీ చేయాలంటే ఆర్ఎం కాదు, ట్రంకేట్ -ఎస్ 0. ఇది చేతికి అలవాటు కావాలి.

రోజువారీ పని లాగ్‌రొటేట్‌కు అప్పగించండి. అది పాత ఫైల్ పేరు మార్చి, కొత్తది సృష్టిస్తుంది. పేరు మారినంత మాత్రాన ప్రోగ్రామ్ కొత్త ఫైల్‌కు రాదు, పాత ఐనోడ్‌కే రాస్తుంది. అందుకే పోస్ట్‌రొటేట్ భాగంలో దానికి సిగ్నల్ పంపాలి. అది మర్చిపోయి కంప్రెస్ మాత్రం పెట్టారనుకోండి, లాగ్‌రొటేట్ .జీజెడ్ తయారుచేసి అసలు ఫైల్‌ను తీసేస్తుంది. ప్రోగ్రామ్ ఇంకా అందులోకే రాస్తుంటుంది. పేరు లేని ఆ 40 జీబీ చాలాసార్లు పుట్టేది ఇక్కడే.

- సిగ్నల్ అర్థమయ్యే ప్రోగ్రామ్‌లకు పోస్ట్‌రొటేట్, దానితో పాటు డిలేకంప్రెస్.
- సిగ్నల్ అర్థం కాని వాటికి కాపీట్రంకేట్. కాపీకీ, ఖాళీ చేయడానికీ మధ్య రాసిన కొన్ని లైన్లు పోవచ్చు. ఆడిట్ లాగులకు పెట్టొద్దు.
- మార్చిన ప్రతిసారీ లాగ్‌రొటేట్ -డి తో నిజంగా చేయకుండా పరీక్షించండి.
- సిస్టమ్‌డీ జర్నల్ ఫైళ్లను చేత్తో తీయకుండా జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=500ఎం వాడండి. ఇక్కడ ఎం పెద్దక్షరం.

డాకర్ వాడేవాళ్లకు ఇంకోటి. కంటైనర్ లాగులు /వర్/లిబ్/డాకర్/కంటైనర్స్ కింద -జేసన్.లాగ్ ఫైళ్లుగా పెరుగుతాయి. వాటిని పట్టుకునేది డాకర్ డీమన్, కాబట్టి కంటైనర్ లోపలికి వెళ్లి వెతికితే దొరకదు, హోస్ట్ మీదే చూడాలి. డీమన్.జేసన్‌లో మ్యాక్స్-సైజ్, మ్యాక్స్-ఫైల్ పెట్టండి. అవి కొత్తగా సృష్టించిన కంటైనర్లకే వర్తిస్తాయి. పాతవాటిని తీసి మళ్లీ పెట్టాలి, ఉత్త రీస్టార్ట్ చాలదు.

## 9. విండోస్‌లో

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఫైల్ తెరిచే ప్రోగ్రామే "నేను వాడుతుండగా ఇతరులు చదవొచ్చా, రాయొచ్చా, తీయొచ్చా" అని ముందే చెబుతుంది. తీయొచ్చని చెప్పకపోతే, డిలీట్ చేయబోయిన వాళ్లకు 32 నంబరు ఎర్రర్ వస్తుంది.

1. ముందు ఫోల్డర్ ప్రివ్యూ పేన్ మూసేయండి. చాలాసార్లు ఫైల్‌ను పట్టుకునేది ఎక్స్‌ప్లోరరే.
2. రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లోని అసోసియేటెడ్ హ్యాండిల్స్ పెట్టెలో ఫైల్ పేరు కొట్టండి. పవర్‌టాయ్స్ ఉంటే ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి ఫైల్ లాక్‌స్మిత్ వాడొచ్చు.
3. దొరికిన ప్రోగ్రామ్‌ను మామూలుగా మూయండి. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌తో హ్యాండిల్‌ను (తెరిచిన ఫైల్‌కు ప్రోగ్రామ్ దగ్గరుండే నంబరును) బలవంతంగా మూసే వీలుంది, కానీ అదే నంబరు ఇంకో ఫైల్‌కు దక్కితే ప్రోగ్రామ్ తెలియక అందులో రాసేస్తుంది. ఆ జోలికి వెళ్లకండి.
4. ఆఫీసులో షేర్డ్ ఫోల్డర్ ఫైల్ అయితే పట్టుకున్నవాళ్లు వేరే కంప్యూటర్లో ఉంటారు. సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్ చూస్తే పేరుతో సహా తెలుస్తుంది.
5. ఎవరూ తెరవకపోయినా ఎక్సెల్ "లాక్ అయింది" అంటుంటే, ~$ తో మొదలయ్యే దాచిన ఫైల్ అదే ఫోల్డర్‌లో మిగిలిపోయిందేమో చూడండి. ఎవరూ వాడట్లేదని రూఢి చేసుకున్నాకే దాన్ని తీయండి.

తీయనిచ్చినా ఫైల్ పేరు ఇంకా కనిపిస్తూ, తెరిస్తే పర్మిషన్ లేదంటోందా? అది డిలీట్ పెండింగ్ స్థితి. చివరి హ్యాండిల్ మూసుకోగానే పోతుంది. ఫోల్డర్ తీస్తే "ఖాళీగా లేదు" అని ఆగిపోయే స్క్రిప్టులకు చాలాసార్లు మూలం ఇదే, కొద్ది క్షణాలు ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి.

## 10. ఎన్ఎఫ్ఎస్ మీద .ఎన్ఎఫ్ఎస్ ఫైళ్లు

తెరిచి ఉన్న ఫైల్‌ను తీస్తే ఎన్ఎఫ్ఎస్ (వేరే సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) క్లయింట్ దాని పేరు .ఎన్ఎఫ్ఎస్ అనీ, వెనక పొడుగాటి అంకెలూ ఉండేలా మారుస్తుంది. దాన్ని తీయబోతే "డివైస్ బిజీ" అంటుంది, లేదా ఇంకో .ఎన్ఎఫ్ఎస్ పుడుతుంది. సర్వర్ మీద కాదు, ఫైల్ తెరిచిన క్లయింట్ మెషీన్ మీద ఎల్ఎస్ఓఎఫ్ కొట్టండి. ప్రాసెస్ మూయగానే అదే పోతుంది. క్లయింట్ క్రాష్ అయి మిగిలినవాటిని మాత్రం చేత్తో తీయాలి. ఒక క్లయింట్ తెరిచిన ఫైల్‌ను ఇంకో మెషీన్ నుంచి తీస్తే ఈ ఏర్పాటు ఆదుకోదు, మొదటి క్లయింట్‌కు "స్టేల్ ఫైల్ హ్యాండిల్" ఎర్రర్ వస్తుంది.

## 11. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైళ్లను మార్చేటప్పుడు

నడుస్తున్న జార్ (జావా ప్రోగ్రామ్ ఫైల్) లేదా .ఎస్ఓ ఫైల్ మీద నేరుగా సీపీ చేయకండి. సీపీ అదే ఐనోడ్‌లో డేటాను మార్చేస్తుంది, వాడుతున్న ప్రోగ్రామ్ కాళ్ల కింద నేల కదిలి క్రాష్ అవుతుంది. కొత్త ఫైల్‌ను అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి, ఎంవీతో అసలు పేరుకు మార్చండి. అప్పుడు పాత ఐనోడ్ చెక్కుచెదరదు. జావా అప్లికేషన్లకు ప్రతి వెర్షన్‌కూ ఒక కొత్త ఫోల్డర్, దాని మీదికి తిరిగే సింబాలిక్ లింక్ ఇంకా మేలు.

ప్యాకేజీ మేనేజర్లు చేసేదీ ఇదే. అందుకే లినక్స్ అప్‌డేట్ మధ్యలో ప్రోగ్రాములు మామూలుగా ఆగిపోవు. కానీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో భద్రతా లోపం సరిచేసిన అప్‌డేట్ వేసినా, పాత లైబ్రరీతో నడుస్తున్న సర్వీస్ పాతదాన్నే వాడుతుంటుంది. ఉబుంటు, డెబియన్‌లో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డీఎన్ఎఫ్ నీడ్స్-రీస్టార్టింగ్, సూసేలో జిప్పర్ పీఎస్ కొడితే అలాంటివన్నీ జాబితాగా వస్తాయి. ఆ సర్వీసులను రీస్టార్ట్ చేశాక ఎల్ఎస్ఓఎఫ్ జాబితాను +ఎల్1 లేకుండా మళ్లీ తీయండి. డీఈఎల్ అని గుర్తున్న లైబ్రరీ వరుసలు పోయి ఉండాలి.